లైట్లు ఆపితే గుడ్లు ఎందుకు తగ్గాయి?

సందేహం: 500 లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్లను లిట్టరు (నేలపై పరిచే ఊక వంటి పరుపు) మీద పెంచుతున్నాను. వయసు 45 వారాలు. కరెంటు బిల్లు తగ్గుతుందని తెల్లవారుజామున వేసే లైట్లు నెల కిందట మానేశాను. రోజుకు 440 వచ్చే గుడ్లు 310కి పడిపోయాయి. కొన్నింటికి మెడ దగ్గర ఈకలు రాలుతున్నాయి. తుమ్ములు, పారుడు లేవు. విటమిన్లు, కాల్షియం టానిక్ ఇచ్చినా ఫలితం లేదు. ఏం చేయాలి?

సలహా: టానిక్‌లు ఆపేసి లైట్లు వేయండి. మీరు రాసిన లక్షణాల్లో జబ్బు కనిపించడం లేదు. కోళ్లకు పగలు చిన్నదైంది, అంతే.

గుడ్లు పెట్టే కాలమా కాదా అన్నది కోడి శరీరం వెలుతురు గంటలను బట్టి తేల్చుకుంటుంది. ఈ లెక్కకు కళ్లు కూడా అక్కర్లేదు. వెలుతురు పుర్రె ఎముక గుండా దిగి, మెదడు అడుగునున్న హైపోథాలమస్ అనే భాగంలో వెలుతురును పసిగట్టే గ్రాహకాలను తాకుతుంది. చూపులేని కోడి కూడా వెలుతురు పెంచితే గుడ్లకు వచ్చేది అందుకే. అక్కడి సంకేతంతో పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు వదులుతుంది, అండాశయంలో పచ్చసొనలు పెరుగుతాయి. 16 గంటల పగలు ఒక్కసారిగా 12 గంటలకు పడిపోతే, పిల్లలను సాకే కాలం దాటిపోయిందన్నట్టే శరీరం నడుచుకుంటుంది. హార్మోన్లు తగ్గి అండాశయం కుంచించుకుపోతుంది. మాంసకృత్తులు కొత్త ఈకలకు మళ్లుతాయి. మెడ ఈకలు రాలడం దాని తొలి గుర్తు.

ముందు సహజ వెలుతురు ఎన్ని గంటలుందో చూసుకోండి. దానికి మొదటి వారం గంట, తర్వాత వారానికి అరగంట చొప్పున కలుపుతూ 16 గంటలకు చేర్చండి. ఆ పైన పెంచితే లాభం లేదు, కోడికి 8 గంటల చీకటి కావాలి. పెంచేది తెల్లవారుజామునే పెంచండి. రాత్రి లైటు ఉన్నట్టుండి ఆరితే కోళ్లు పడుకునే దండెం ఎక్కలేక నేలమీదే గుంపుపడతాయి.

కోడి తల ఎత్తులో 10 నుంచి 20 లక్స్ (వెలుతురు కొలత) చాలు. ఆ ఎత్తున పత్రిక పట్టుకుంటే అక్షరాలు తేలిగ్గా చదవగలగాలి. ఎరుపు కిరణాలు పుర్రెలోకి బాగా దిగుతాయి కాబట్టి పసుపు ఛాయ ఎల్‌ఈడీలు నయం. బల్బులపై దుమ్ము వారానికోసారి తుడవండి.

చాలామంది దెబ్బతినేది టైమరు దగ్గర. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ లేని టైమరు ఆగిపోయి, మళ్లీ వచ్చాక అంతసేపు వెనకబడి నడుస్తుంది. నాలుగింటికి వెలగాల్సిన లైటు ఆరింటికి వెలిగితే కోడికి పగలు రెండు గంటలు తగ్గినట్టే. బ్యాటరీ ఉన్న టైమరు కొనండి, లైట్లకు ఇన్వర్టరు పెట్టండి.

వారంలో గుడ్లు పెరగలేదని కంగారు పడొద్దు. పచ్చసొన పూర్తిగా ఎదగడానికే 7 నుంచి 10 రోజులు పడుతుంది. రెండు మూడు వారాలకు తేడా తెలుస్తుంది. ఈకలు రాల్చిన కోళ్లు తిరిగి గుడ్లకు రావడానికి రెండు నెలలైనా పట్టొచ్చు. పెంకు ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది కనుక సాయంత్రం ముతక ఆల్చిప్పల గుల్ల అందుబాటులో ఉంచండి. పెంకు పలచబడటం, వంకర గుడ్లు, తెల్లసొన నీళ్లలా కారడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి.

పక్క షెడ్డులో ఎదిగే పెట్టలుంటే ఈ వెలుతురు అటు పడకుండా పరదా కట్టండి. ఆ వయసులో పగలు పెరిగితే అవి ముందే గుడ్లకు వచ్చి చిన్న గుడ్లు పెడతాయి, గుడ్డు వచ్చే నాళం బయటకు జారే ప్రమాదమూ ఉంది.