“లాగే” అనే మాట తీసెయ్యి

అమ్మాయీ,

పొడవు వర్గం ఋణం కూడా కాగల అంతరాళాల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బొంగరం పేరా బాగుంది. మూడో పేజీలో మాత్రం ఆగిపోయాను. “మామూలు హిల్బర్ట్ స్పేస్‌లో లాగే ఇక్కడా చిన్న చిన్న మార్పులతో సెల్ఫ్ అడ్జాయింట్ ఆపరేటర్ల స్పెక్ట్రల్ సిద్ధాంతం చెల్లుతుంది” అన్నావు. అంటే, పొడవు వర్గం ఎప్పుడూ ఋణం కాని హిల్బర్ట్ స్పేస్‌లో లాగే, ఇక్కడా అలాంటి ఆపరేటర్‌ను (మాత్రిక లాంటిదే) ఒకదానికొకటి లంబమైన దిశల వెంట విడదీయొచ్చని. ఆ వాక్యం రాత్రంతా నన్ను వదల్లేదు, తెల్లారగానే కూర్చుని ఇది రాస్తున్నాను.

లాగే కాదమ్మా. కాగితం తీసుకో. రెండు అంశల సదిశలు చాలు. మొదటి అంశ వర్గంలోంచి రెండో అంశ వర్గం తీసేస్తే వచ్చేదే పొడవు వర్గం అనుకో. పై వరుసలో 1, 1, కింది వరుసలో -1, -1 ఉన్న మాత్రిక రాయి. ఈ కొత్త అంతర్లబ్ధం (మొదటి అంశల లబ్ధంలోంచి రెండో అంశల లబ్ధం తీసేస్తే వచ్చేది) ప్రకారం అది సెల్ఫ్ అడ్జాయింటే, అంటే దాన్ని ఎడమ సదిశ మీద వేసినా కుడి సదిశ మీద వేసినా అంతర్లబ్ధం మారదు, సరిచూసుకో. దాన్ని దానితోనే గుణిస్తే సున్నా మాత్రిక వస్తుంది! మామూలు అంతర్లబ్ధంలో అయితే, వర్గం సున్నా అయిన సెల్ఫ్ అడ్జాయింట్ మాత్రిక తనే సున్నా అయి తీరాలి. దీనికి ఐగెన్ దిశ (మాత్రిక పక్కకు తిప్పని దిశ) ఒక్కటే, (1, -1). దాని పొడవు వర్గం 1 - 1, అంటే సున్నా, అంటే ఆ సదిశ తనకు తనే లంబం. వికర్ణ రూపంలోకి తెద్దామంటే రెండో ఐగెన్ దిశే లేదు. ఇక 0, 1, కింద -1, 0 పెట్టి చూడు, అదీ సెల్ఫ్ అడ్జాయింటే, కానీ ఐగెన్ విలువలు వాస్తవ సంఖ్యలు కూడా కావు.

ఈ లెక్క నీ మొదటి పేజీలో ఉండాలి, నిర్వచనం కంటే ముందు. ముప్పై ఏళ్లుగా అందరికీ ఇదే చెబుతున్నాను. ఒకసారి నేను ఇదే మాత్రికతో వ్యాసం మొదలుపెడితే ఒక సంపాదకుడు అంకెలు చూసి జనం భయపడతారని దాన్ని కొట్టేసి, పైన నక్షత్రాల బొమ్మ వేసి అచ్చేశాడు. అప్పుడు వచ్చిన ఉత్తరాలన్నీ విశ్వరహస్యాల గురించే, లెక్క గురించి ఒక్కటీ లేదు. ఆ కోపం నాకింకా పోలేదు. నువ్వు భౌతిక శాస్త్రవేత్త డిరాక్ 1942లో వాడిన ఋణ సంభావ్యతల మీద రాసిన పేజీన్నరలో కూడా ఆ నక్షత్రాల వాసనే వస్తోంది, నాలుగు వాక్యాలకు కుదించు.

ఇంత పట్టుదల ఎందుకంటే నేనూ పడ్డాను ఆ గోతిలో. పరిశోధన చేసే రోజుల్లో ఎనిమిది నెలలు ఒక నిరూపణ రాశాను, ఒక ఉపాంతరాళమూ దాని లంబ పూరకమూ (దానికి లంబమైన సదిశలన్నీ) కలిస్తే మొత్తం అంతరాళం వస్తుందని అనుకుంటూ. తనకు తనే లంబమైన సదిశ తన పూరకంలోనే ఉంటుందని ఒక సీనియర్ క్యాంటీన్‌లో టీ తాగుతూ చెప్పాడు. ఆ నోట్సు అంతా అక్కడే అయిపోయింది.

నీ బొంగరం దగ్గరికొస్తాను. ద్రవం నింపిన బోలు బొంగరం నిలకడగా తిరుగుతుందా అని గణితవేత్త సోబొలెవ్ యుద్ధకాలంలో చేసిన పని 1960 దాకా అచ్చు కాలేదు, కానీ దాని ప్రేరణతోనే మరో గణితవేత్త పాంట్రియాగిన్ 1944లో తన సిద్ధాంతం ఇచ్చాడు. ఋణ దిశలు (పొడవు వర్గం ఋణమయ్యేవి) పరిమితంగా ఉంటే, అవి ఎన్నో అంత పరిమాణం ఉన్న ఒక ఉపాంతరాళం తప్పకుండా దొరుకుతుంది, అందులో ఏ సదిశ పొడవు వర్గమూ ధనం కాదు, ఆపరేటర్ దాన్ని దాటి బయటికి పోదు. వాస్తవం కాని ఐగెన్ విలువల జతలు ఆ సంఖ్యను మించవు. ఎంత కష్టపడి సంపాదించిన హామీ అది! ధన, ఋణ దిశలు రెండూ అనంతమైతే (క్రెయిన్ స్పేస్‌లలో ఇదీ కుదురుతుంది) ఆ హామీ కూడా ఉండదు. 1960లలో గణితవేత్త లాంగర్ ఒక షరతు పెట్టాడు: ఆపరేటర్‌ను ఏదో ఒక బహుపదిలో పెడితే వచ్చేది ఎక్కడా ఋణం కాకూడదు. అప్పుడు ఆపరేటర్‌ను ముక్కలుగా విడదీసే స్పెక్ట్రల్ ఫంక్షన్ దొరుకుతుంది, అదీ కొన్ని సందిగ్ధ బిందువుల (క్రిటికల్ పాయింట్ల) దగ్గర చెదిరిపోవచ్చు. వీటిని నువ్వు “చిన్న మార్పులు” అన్నావు.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. ఆ మాత్రికతో మొదలుపెట్టి మొదటి రెండు పేజీలు తిరగరాసి పంపు. ఈ నెలాఖరు దాకా ఊళ్లోనే ఉంటాను.