జీవభౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేసేవారు బహిరంగ ఉపన్యాసాలకు సమయం పెట్టడం అవసరమా?

ప్రశ్న అడిగినవారు తాము రెండో ఏడాది పరిశోధక విద్యార్థినని, జీవం వెనుక ఉన్న భౌతిక, రసాయన సూత్రాల గురించి సామాన్యులకు ఉపన్యాసం ఇవ్వమని ఆహ్వానం వచ్చిందని, గైడ్ మాత్రం "ముందు పేపరు రాయి, ఉపన్యాసాలు తర్వాత చూద్దాం" అన్నారని వివరంలో రాశారు. తప్పకుండా ఇవ్వండి, ఇప్పుడే ఇవ్వండి. థీసిస్ సమర్పించాక ఇచ్చే ఉపన్యాసం వినేవారికి ఉపయోగపడుతుందేమో గాని ఇచ్చేవారికి అంతగా ఉపయోగపడదు. ప్రయోగం ఇంకా కొలిక్కి రాని రోజుల్లో ఇచ్చేదే మన పనిని ముందుకు నడుపుతుంది. ఎనిమిది నెలలపాటు నన్ను పట్టి పీడించిన ఒక చిక్కుముడి, ఒక ఆదివారం సాయంత్రం ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నతో విడిపోయింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను బెంగళూరులో కైనెసిన్ అనే ప్రోటీన్ మీద పనిచేస్తున్నాను. కణం లోపల సరుకు మోసే కూలీ అది. మైక్రోట్యూబ్యూల్ అనే సన్నని పట్టా మీద అడుగులు వేసుకుంటూ నడుస్తుంది. ఒక్కో అడుగు 8 నానోమీటర్లు, అడుగుకు ఒక ఏటీపీ అణువు ఖర్చు. మూడు ఫాస్ఫేట్‌లున్న ఈ ఏటీపీయే కణానికి ఇంధనం, ఒక ఫాస్ఫేట్ ఊడితే మిగిలేది ఏడీపీ. ఆ ఏటీపీ ఎంత వేగంగా ఏడీపీగా, ఫాస్ఫేట్‌గా విడిపోతోందో కొలవడం నాకు అప్పగించిన మొదటి పని. నిమిషానికోసారి ట్యూబులోంచి కొంచెం ద్రావణం తీసి, ఆమ్లం పోసి చర్యను ఆపి, అమ్మోనియం మాలిబ్డేట్‌నూ క్షయకరణం చేసే మరో రసాయనాన్నీ కలిపితే, విడుదలైన ఫాస్ఫేట్‌కు తగ్గట్టు నీలి రంగు వస్తుంది. ఆ రంగు చిక్కదనాన్ని యంత్రంలో చదివి గ్రాఫ్ గీస్తే మొదట్లోనైనా గీత తిన్నగా పైకి పోవాలి. నాకు నాలుగైదు నిమిషాలకే వంగిపోయేది. ఎంజైమ్ చచ్చిపోతోందని అనుకున్నాను. ప్రోటీన్ మళ్లీ తయారుచేశాను, గ్లిసరాల్ పాళ్లు మార్చాను, సామాన్లు కడిగే సబ్బులో ఫాస్ఫేట్ ఉండి లెక్క చెడుతోందేమోనని గాజు సామానంతా ఆమ్లంతో కడిగాను. ఎనిమిది నెలలు గడిచినా గీత వంగుతూనే ఉంది.

ఆ వేసవిలోనే మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంటులోని తెలుగు కుటుంబాలవారు, సెలవుల్లో పిల్లలకు ఏదైనా సైన్సు విషయం తెలుగులో చెప్పమని పిలిచారు. హెబ్బాళ నుంచి రింగ్ రోడ్డు బస్సులో వెళ్లడానికి గంటన్నర పట్టింది. క్లబ్‌హౌస్‌లో పిల్లలు చాపల మీద, పెద్దవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో, అంతా కలిసి నలభై మంది ఉంటారు. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ దాదాపు 100 గ్రాములే ఉంటుందని, అయినా కదలకుండా కూర్చున్న మనిషి కూడా రోజుకు దాదాపు 40 కిలోల ఏటీపీని వాడి మళ్లీ తయారుచేసుకుంటాడని చెప్పినప్పుడు పిల్లలు నోళ్లు తెరిచి విన్నారు. ఆ ఉత్సాహంలో, "ఏటీపీలో చివరి ఫాస్ఫేట్ బంధం తెగితే శక్తి బయటికి వస్తుంది, ఆ శక్తితోనే కైనెసిన్ అడుగు వేస్తుంది" అని ముగించాను.

వెనుక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. గుంతకల్లు లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరుగా రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నారట.

"పాపా, నాదొక సందేహం. నేను ఇరవై ఏండ్లు బొగ్గుతో పనిచేసినోణ్ణి. పెద్ద పెళ్లలుంటే సుత్తెతో పగలగొట్టి పొయ్యిలోకి ఏసేవాళ్లం. పగలగొడితే నా చేతులు నొప్పి పుట్టినాయే గాని బొగ్గు ఏనాడూ వేడెక్కలేదు. పొయ్యిలో గాలి తగిలి మండితేనే వేడి. మరి ఆ బంధం తెగితే శక్తి యాడ నుంచి వస్తాది?"

"తాతగారూ, అది ఎక్కువ శక్తి ఉన్న బంధం కాబట్టి..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. బంధం తెంచడానికి శక్తి ఖర్చుపెట్టాలని ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రంలోనే చదువుకున్నాను. అయినా రెండేళ్లుగా ల్యాబ్ మీటింగుల్లో, పోస్టర్లలో "ఎక్కువ శక్తి ఉన్న బంధం" అన్న మాట వాడుతూనే ఉన్నాను, ఒక్కరూ అడ్డు చెప్పలేదు. ఇంగ్లీషులో ఆ మాట ఒక బిరుదులాగా చెవిన పడి వెళ్లిపోతుంది. తెలుగులో "తెగితే" అన్నాను కాబట్టి, నిజంగా వస్తువులను పగలగొట్టిన మనిషికి అది అబద్ధమని వెంటనే తెలిసింది. తెలుగులో సైన్సు చెప్పడం కుదరదని వాదించేవారికి నేను ఈ సంగతే చెబుతాను. పారిభాషిక పదాలు దొరకకపోవడం చిన్న ఇబ్బంది. సొంత భాషలో మాట్లాడినప్పుడు మనం అర్థం కాకుండానే పలుకుతున్నవి ఏవో తేలిపోతాయి, ఆ లాభం ముందు ఆ ఇబ్బంది ఒక లెక్కలోది కాదు.

తెలుసుకొని వచ్చి చెబుతానని మాట ఇచ్చి బస్సెక్కాను. ఆ రాత్రి కాగితం ముందు పెట్టుకొని మొదటి నుంచి రాసుకున్నాను. బంధం తెగడానికి నిజంగానే శక్తి ఖర్చవుతుంది. అయితే ఏటీపీ ఒంటరిగా తెగదు, నీటి అణువుతో చర్య జరుపుతుంది. పెద్దాయన పొయ్యిలో గాలి చేసిన పని ఇక్కడ నీరు చేస్తుంది. పక్కపక్కనే ఇరుక్కున్న మూడు ఫాస్ఫేట్‌ల మీద నాలుగు దాకా రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. విడిపోయాక ఆ నెట్టుకోవడం తగ్గుతుంది, విడిపోయిన ఫాస్ఫేట్‌లో ఎలక్ట్రాన్లు మరింత విస్తరించి కుదురుకుంటాయి, నీటి అణువులు ఆ ముక్కల చుట్టూ గట్టిగా చేరతాయి. తెంచడానికి పెట్టిన ఖర్చు కంటే ఈ కుదురుకోవడంలో వచ్చేది ఎక్కువ, ఆ మిగులే మనకు దక్కుతుంది. ప్రామాణిక స్థితిలో ఆ మిగులు మోల్‌కు దాదాపు 30.5 కిలోజౌల్స్. కణంలో మాత్రం అది 50 దాకా ఉంటుంది.

ఆ 30కీ 50కీ మధ్య తేడా దగ్గరే నా కళ్లు తెరుచుకున్నాయి. తుంగభద్ర డ్యాములో నీటి మట్టం, కింద కాలువలో నీటి మట్టం సమానమైతే నీరు ఎంత ఉన్నా టర్బైన్ తిరగదు. కణం కూడా ఏటీపీని ఏడీపీ, ఫాస్ఫేట్‌లతో పోల్చితే సమతాస్థితికి కోట్ల రెట్లు దూరంగా, ఎత్తున నిలబెట్టి ఉంచుతుంది. తిన్న అన్నం, పీల్చిన గాలి ఆ మట్టాన్ని పడిపోకుండా నిలపడానికే ఖర్చవుతాయి. అయితే నా ట్యూబులో ఆ మట్టాన్ని నిలబెట్టేది ఏమీ లేదు కదా అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. నేను వాడుతున్న ఏటీపీ చాలా పలుచన, 50 మైక్రోమోలారే. ఐదు నిమిషాలకు అందులో మూడో వంతు ఏడీపీగా మారిపోతోంది. ఆ ఏడీపీ కైనెసిన్‌లో ఏటీపీ కూర్చోవలసిన చోటే కూర్చుని దారి ఆపుతోంది. ఎంజైమ్ చావడం లేదు, నేనే దానికి ఊపిరాడకుండా చేస్తున్నాను.

మర్నాడు ఫ్రీజర్‌లో ఎప్పటి నుంచో ఉన్న ఫాస్ఫోఎనాల్‌పైరువేట్, పైరువేట్ కైనేజ్ తీసి కలిపాను. అవి ఏడీపీని ఎప్పటికప్పుడు తిరిగి ఏటీపీగా మారుస్తాయి. లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్‌నూ ఎన్‌ఏడీహెచ్ అనే రసాయనాన్నీ కూడా జతచేస్తే, తిరిగి తయారైన ఒక్కో ఏటీపీకి ఒక్కో ఎన్‌ఏడీహెచ్ అణువు ఖర్చవుతుంది. అందుకని నీలి రంగుకు బదులు 340 నానోమీటర్ల కాంతి దగ్గర ఎన్‌ఏడీహెచ్ తగ్గుదలను చూశాను. ఇరవై నిమిషాలు గీత స్కేలు పెట్టి గీసినట్టు నడిచింది. ఈ పద్ధతి మా రంగంలో అందరికీ తెలిసినదే, నేను చదివిన ప్రతి పేపరులోనూ ఉంది. వంట పుస్తకంలో దినుసుల జాబితా చూసినట్టు చూసి దాటిపోయాను, అది ఎందుకుందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

అందుకే ఉపన్యాసాల గురించి నా అభిప్రాయం గట్టిగా ఏర్పడింది. జీవం ఎంత అద్భుతమో చెప్పే ఉపన్యాసం ఎవరికీ మేలు చేయదు. జనం చప్పట్లు కొడతారు, ప్రశ్నలు అడగరు. ఏ సంఖ్యను ఎలా కొలిచామో చూపించాలి, అప్పుడే వినేవారు తమ చేతుల అనుభవంతో మనల్ని పట్టుకోగలుగుతారు. నేను ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా నీలి రంగు పరీక్షను ఎదురుగా చేసి చూపిస్తాను. భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో 1925లో ప్రచురించిన పద్ధతి అది. కండరపు రసంలో ఆ రంగు వెంటనే రాకుండా ఆలస్యంగా ముదరడం చూసి, దాన్ని పొరపాటుగా కొట్టిపారేయకుండా వెంటపడ్డారు కాబట్టే 1927లో కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో వీరిద్దరూ విడివిడిగా ఏటీపీని కనుగొన్నారు. సుబ్బారావుగారిని మనవాడని పొగిడే సభలకు చాలా వెళ్లాను గాని, ఆ నీలి రంగును చూపించిన సభ ఒక్కటీ చూడలేదు. ఆ సభల్లో శాలువాలకు, మెమెంటోలకు, ఫోటోలకు అరగంట పోతుంది, ప్రశ్నలకు ఐదు నిమిషాలు మిగులుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి: పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలైనా అది చేతికందడానికి నెలలు పట్టిన సందర్భాలున్నాయి. అలాంటి విద్యార్థులను పిలిచేవారు శాలువా మానేసి బస్సు చార్జీలు ఇస్తే బాగుంటుంది.

పెద్ద శాస్త్రవేత్తలకు ఈ అవసరం లేదని మీ గైడ్ అంటే, క్వాంటమ్ భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ సంగతి చెప్పండి. 1943లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఆయన జీవం గురించి ఇచ్చిన బహిరంగ ఉపన్యాసాలకు దాదాపు 400 మంది వచ్చారు, మరుసటి ఏడాది అవి పుస్తకంగా వచ్చాయి. జీవి రుణాత్మక ఎంట్రపీని (ఎంట్రపీ అంటే అస్తవ్యస్తతకు కొలమానం) తిని బతుకుతుందని ఆయన అన్న మాటకు తోటి భౌతిక శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. తాను వాళ్లను మాత్రమే దృష్టిలో పెట్టుకొని ఉంటే స్వేచ్ఛాశక్తి (పనికి వాడుకోగల శక్తి) గురించి మాట్లాడి ఉండేవాణ్ణని ఆయన ఆ అధ్యాయానికి ఒక వివరణ చేర్చవలసి వచ్చింది. నోబెల్ వచ్చి పదేళ్లయిన మనిషికి కూడా బహిరంగంగా మాట్లాడాకే తన మాటలో సరిచేసుకోవలసినది కనిపించింది. ఆ ఉపన్యాసాల పుస్తకమే డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనుగొన్న వాట్సన్, క్రిక్‌ల ఆలోచనలను జన్యువు వైపు మళ్లించినవాటిలో ఒకటి.

బెంగళూరులో ఉంటే ముందు నాలుగు ఉపన్యాసాలు వినండి. నెహ్రూ ప్లానెటేరియంలో ఐసీటీఎస్ (సిద్ధాంత శాస్త్రాల పరిశోధన సంస్థ) వారు జరిపే "కాపి విత్ క్యూరియాసిటీ" ఉపన్యాసాలకు వెళ్లి, చెప్పేవారి కంటే అడిగేవారిని గమనించండి. ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ఓపెన్ డే రోజున ఏదైనా ఒక ల్యాబ్ బల్ల దగ్గర గంటసేపు నిలబడితే మరీ మంచిది.

పెద్దాయనకు ఇచ్చిన మాట నిలుపుకోవడానికి మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. నీరు, గాలి పోలిక చెబితే ఒప్పుకున్నారు. కణంలో ఒక ఏటీపీ ఇచ్చేది దాదాపు 80 పికోన్యూటన్-నానోమీటర్లని (అణువుల స్థాయిలో పనిని కొలిచే ప్రమాణం), కైనెసిన్ 6 పికోన్యూటన్ల దాకా బరువును 8 నానోమీటర్లు లాగగలదని, అంటే అందినదాంట్లో సగానికి పైగా పనిగా మార్చుకుంటుందని, ఆవిరి ఇంజను మాత్రం బొగ్గులోని శక్తిలో 10 శాతం కూడా వాడుకోలేకపోయేదని చెప్పాను. "మిగిలిందంతా పొగగొట్టంలో పోయేది, మాకు తెలీదా" అన్నారు. కాసేపు ఆగి ఇంకో ప్రశ్న అడిగారు: "రాత్రి ఇంజను మంట ఆర్పేసినా పొద్దున్నే మళ్లీ రాజేసేవాళ్లం పాపా. మనిషిలో ఆ మంట ఆరితే మళ్లీ ఎందుకు రాజెయ్యలేము?"

ఏటీపీ అయిపోతే కండరాన్ని లాగే మయోసిన్ అనే ప్రోటీన్ పట్టు వదలలేక బిగుసుకుపోతుందని, చనిపోయినవారి ఒళ్లు కొయ్యబారడానికి కారణం అదేనని చెప్పాను. ఆయన తల ఊపారు, కాని అది తన ప్రశ్నకు పూర్తి జవాబు కాదన్నట్టే చూశారు, అది నిజమే. కణపు పొరలోని పంపులు ఆగాక సోడియం, కాల్షియం లోపలికి వచ్చిపడే క్రమాన్ని, ఏ దశ దాటితే వెనక్కి తిప్పలేమో అంచనాలతో సహా రాసుకుంటున్నాను. వచ్చే నెల అదే క్లబ్‌హౌస్‌లో అదే చెప్పాలి.