గ్రాంటు కాగితం మీద సంతకానికి ముందు

అమ్మలూ,

నీ మెయిల్ చదివి చాలా సంతోషపడ్డాను. నది కోసం పనిచేసే సంస్థలో, అందులోనూ నిధులు తెచ్చే బాధ్యతలో చేరావు. చివర్లో నువ్వడిగిన ప్రశ్న మాత్రం నన్ను రెండు రోజులు వదల్లేదు. "అమెరికా ఫౌండేషన్ ఒకటి మూడేళ్లకి గ్రాంటు ఇస్తానంటోంది, పైపులైన్‌ను ఆపే పనికే. తీసుకోవచ్చా పెద్దమ్మా?" అన్నావు.

తీసుకోవచ్చు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఉత్తరాన ఒక చిన్న సంస్థకి పదకొండేళ్లు లెక్కలు రాసినదాన్ని, అలాంటి డబ్బుతోనే పడవలకి పెట్రోలు పోయించినదాన్ని, వద్దని ఎలా అంటాను? కానీ ఆ డబ్బు ఎవరిదో ఎదుటివాళ్లు బయటపెట్టకముందే నీ నోటితో నువ్వే చెప్పు. నాకు తెలిసిన జాగ్రత్తల్లో ఇంతకు మించింది లేదు.

2012 జనవరిలో నార్తర్న్ గేట్‌వే పైపులైన్ మీద బహిరంగ విచారణలు మొదలయ్యాయి. పక్క రాష్ట్రం అల్బర్టాలోని బ్రూడర్‌హైమ్ నుంచి మా తీరంలోని కిటిమాట్ దాకా వేయాలనుకున్న 1,177 కిలోమీటర్ల ముడిచమురు గొట్టం అది. విచారణకి సరిగ్గా ఒక రోజు ముందు, అప్పటి కెనడా సహజ వనరుల మంత్రి జో ఆలివర్ బహిరంగ లేఖ రాశారు. తీవ్రవాద భావాలున్న బృందాలు విదేశీ డబ్బుతో ఈ విచారణని అడ్డుకోవాలని చూస్తున్నాయని అందులో ఆరోపించారు. ఆ వారమే ఒక ఊరి కమ్యూనిటీ హాల్లో మా మీటింగ్. వెనక వరసలోంచి ఒక ముసలి జాలరి లేచి, "ఈ కాఫీ కూడా అమెరికా వాళ్లదేనా?" అని అడిగాడు. మా డైరెక్టర్ నీళ్లు నమిలారు. నా సంచిలో లెక్కల పుస్తకం ఉంది. తీసి చదివాను. మాకొచ్చిన ప్రతి వంద డాలర్లలో నలభై ఒకటి అమెరికా ఫౌండేషన్లవి, మిగతావి కెనడావి, కాఫీ చర్చి వాళ్లది. ఆయన కూర్చోలేదు. "సరే, ఆ నలభై ఒకటీ మిమ్మల్ని ఏం చేయమన్నాయి?" అన్నాడు. మొదటి ప్రశ్న కంటే ఇది వంద రెట్లు మంచి ప్రశ్న. ఆరు నెలలకోసారి రిపోర్టు రాయడం తప్ప వాళ్లు ఏమీ అడగలేదని ఆ రోజు నిజాయితీగానే చెప్పగలిగాం.

రెండేళ్ల తర్వాత అయితే అలా చెప్పలేకపోయేవాళ్లం. వేరే ఫౌండేషన్ ఒకటి, పేరు వద్దులే, మూడేళ్ల గ్రాంటు ఇచ్చింది. మొదటి ఏడాది దాటకముందే అక్కడ మా గ్రాంటు చూసే ప్రోగ్రాం ఆఫీసర్ మారారు. కొత్తాయనకి మా నీటి పరీక్షలు, ఊరూరా తిరగడం నచ్చలేదు. నగరంలో కనిపించే ప్రచారం కావాలన్నారు. మేం ఒప్పుకోలేదు, రెండో ఏడాది డబ్బు రాలేదు. ఆ ఊళ్లలోనే పుట్టి పెరిగిన ఇద్దరు పిల్లల్ని ఉద్యోగంలోంచి తీసేయాల్సి వచ్చింది. వాళ్ల ఆఖరి జీతం చెక్కులు రాసింది నేనే. ఆ రోజు నుంచి ఏ దాత వాటా కూడా మా బడ్జెట్‌లో మూడో వంతు దాటనివ్వలేదు. ఆరు నెలల జీతాలు బ్యాంకులో లేకుండా కొత్త మనిషిని తీసుకోనూ లేదు. నువ్వూ అలాగే చెయ్యి.

అసలు ఈ డబ్బు ఎలా ప్రవహిస్తుందో నీకు తెలియాలి. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్లు తమ ఆస్తిలో ఏటా సుమారు 5 శాతం ఖర్చు పెట్టి తీరాలి. పెద్ద ఫౌండేషన్ ఆ డబ్బుని చాలాసార్లు నేరుగా చిన్న సంస్థకి ఇవ్వదు. టైడ్స్ లాంటి మధ్యవర్తి సంస్థకి ఇస్తే, అది పదిమందికి పంచుతుంది. అల్బర్టా ఆయిల్ శాండ్స్‌కి, అంటే ఇసుకలోంచి చమురు తీసే పనికి, వ్యతిరేకంగా ప్రచారానికి 2008లో ఒక వ్యూహపత్రం తయారైంది. రాక్‌ఫెల్లర్ బ్రదర్స్ ఫండ్ లాంటివి ఆ ప్రచారానికి డబ్బిచ్చాయి. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కానీ అందరినీ కలిపి నడిపే కేంద్రం బయటికి కనబడకూడదని ఆ పత్రంలో రాసుకున్నారు. నా దృష్టిలో తప్పు అక్కడ జరిగింది. తర్వాత వివియన్ క్రాస్ అనే పరిశోధకురాలు అమెరికా పన్ను పత్రాలు తవ్వి ఆ గ్రాంట్లన్నీ బయటపెట్టారు. అవి ఎవరైనా చూడగలిగే కాగితాలే. అయినా దాచిపెట్టింది దొరికినట్టే జనానికి అనిపించింది. ప్రచారం నడిపినవాళ్లే ముందు చెప్పి ఉంటే అందులో వార్త ఏముండేది?

ఆ అనుమానం ఎంత దూరం పోయిందో చూడు. 2019లో అల్బర్టా ప్రభుత్వం స్టీవ్ ఆలన్ అనే ఫోరెన్సిక్ అకౌంటెంట్‌తో (లెక్కల్లో అక్రమాలు వెతికే నిపుణుడు) ఈ విదేశీ డబ్బు మీద విచారణ కమిషన్ వేసింది. దాని ఖర్చుకి 25 లక్షల డాలర్లతో మొదలుపెట్టి 35 లక్షలకి పెంచారు. 2021 అక్టోబరులో నివేదిక బయటికొచ్చింది. 2003 నుంచి 2019 దాకా అల్బర్టా వనరుల అభివృద్ధిని వ్యతిరేకించే పనులకని నేరుగా వచ్చినట్టు తేలిన విదేశీ డబ్బు 5.41 కోట్ల డాలర్లు. ఎవరూ తప్పుడు పని చేశారని తాను అనడం లేదని ఆలన్ స్పష్టంగా రాశారు. ఇంకో లెక్క చెప్తాను, పక్కన పెట్టి చూసుకో. అల్బర్టా నుంచి అమెరికాకి చమురు పంపాల్సిన కీస్టోన్ ఎక్స్‌ఎల్ పైపులైన్ మీద అదే ప్రభుత్వం 2020లో పెట్టుబడి పెట్టి, 2021లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ అనుమతి రద్దు చేశాక, సుమారు 130 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది.

అయితే మన డబ్బు వల్లే పైపులైన్లు ఆగుతాయని నువ్వూ నమ్మకు. నార్తర్న్ గేట్‌వేకి 2014లో కెనడా ప్రభుత్వం 209 షరతులతో అనుమతి ఇచ్చింది. 2016లో ఫెడరల్ అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఎందుకు? ఫస్ట్ నేషన్స్ ప్రజలతో, అంటే అక్కడి ఆదివాసులతో, జరపాల్సిన సంప్రదింపులు తూతూమంత్రంగా ముగించారని. కేసు వేసింది ఆ నేల మీది మనుషులు. వాళ్ల లాయర్ల ఖర్చుకి ఊళ్లలో జనం విందులు పెట్టి, పాటల కచేరీలు పెట్టి చందాలు పోగు చేశారు. అందుకే ప్రపోజల్ రాయడానికి ముందు అక్కడికి వెళ్లు. వాళ్లు ఎన్నుకున్న బ్యాండ్ కౌన్సిల్‌తో, ఊరి పెద్దలతో కూర్చో. వాళ్లు వద్దంటే ఆ గ్రాంటు ఎంతదైనా వద్దు. ఫస్ట్ నేషన్స్ అందరిదీ ఒకే మాట కాదు. పైపులైన్లలో వాటా కోరుకునే వాళ్లూ ఉన్నారు. వాళ్లని అమ్ముడుపోయిన వాళ్లనే మాట నీ నోటి వెంట ఎప్పుడూ రాకూడదు.

ఇంకో మాట. మీ పెదనాన్న ఎడ్మంటన్‌లో రిఫైనరీ పనుల్లో పద్దెనిమిదేళ్లు చేశారు, నీకు తెలుసు. చమురు ధర పడిపోయిన 2015లో ఆయన ఉద్యోగం పోయింది. అదే నెల నేను పైపులైన్‌కి వ్యతిరేకంగా గ్రాంటు రిపోర్టు రాస్తున్నాను. ఒకే టేబుల్, అటు ఆయన రెజ్యూమే, ఇటు నా లెక్కలు. మేం పోట్లాడుకోలేదు. ఆయన ఒక్కటే అన్నారు: "మీ కాగితాల్లో పనివాళ్ల గురించి ఒక్క లైనైనా ఉందా?" లేదు. అప్పటి నుంచి నేను చూసిన ప్రతి ప్రపోజల్‌లో వెల్డర్లకి, డ్రైవర్లకి తర్వాత ఏం పని అనే భాగం రాయించాను. కొందరు దాతలు దానికి డబ్బివ్వలేదు. అయినా రాయించాను.

ఇంత టెన్షన్ ఎందుకు, వదిలేద్దామా అనిపిస్తే కాలమజూ నది గుర్తు తెచ్చుకో. 2010 జులైలో అమెరికాలోని మిషిగన్‌లో ముడిచమురు గొట్టం పగిలితే, అలారంలు మోగుతున్నా సరిగ్గా అర్థం చేసుకోక, పదిహేడు గంటల దాకా ఆపలేదు. మధ్యలో రెండుసార్లు మళ్లీ పంపింగ్ మొదలుపెట్టారు కూడా. ఆ ముడిచమురు బరువుకి నది అడుగుకి దిగిపోయింది. అంత దూరం ఎందుకు, మన కోనసీమలో నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా పోయారు. ఆ రోజు అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ నేను ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే. గొట్టం దగ్గర బతికేవాళ్ల తరఫున ఎవరో ఒకరు ముందే అడగాలి. అలా అడగడానికి మనుషులు కావాలి, మనుషులకి జీతాలు కావాలి.

ఎన్నికల సమయంలో పార్టీల పేరెత్తకండి. కెనడాలో 2018 చివర్లో చట్టం మారాక ఛారిటీలు తమ సేవా లక్ష్యాలకి సంబంధించిన విధానాల మీద ఎంతైనా మాట్లాడవచ్చు, పార్టీల తరఫున మాత్రం కాదు. మీ వాలంటీర్లు ఏం మాట్లాడుతున్నారో, ఏం మెయిల్ చేస్తున్నారో కూడా కనిపెట్టుకో. అమెరికాలో డకోటా యాక్సెస్ అనే చమురు పైపులైన్ గొడవలో 2025 మార్చిలో నార్త్ డకోటా జ్యూరీ గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ మీద 66 కోట్ల డాలర్లకి పైగా పరిహారం వేసింది. తర్వాత జడ్జి దాన్ని దాదాపు సగానికి తగ్గించినా, మీలాంటి చిన్న సంస్థకి అందులో వెయ్యో వంతు పడినా తాళం వేసుకోవాల్సిందే. ఇన్సూరెన్స్ కాగితాలు ఈ నెలలోనే చూడు.

ఆ ఫౌండేషన్ వాళ్ల ఒప్పందం వచ్చాక సంతకం పెట్టకుండా నాకు స్కాన్ చేసి పంపు. డబ్బు మధ్యలో ఆపే హక్కు ఎవరికుంది, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ప్రచారంలో మాటలు ఎవరు ఖాయం చేస్తారు, ఈ మూడూ ఎక్కడ రాశారో వెతుకుతాను. సాధారణంగా చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. మీ వెబ్‌సైట్‌లో దాతల పేర్లు, మొత్తాలు పెట్టడానికి వాళ్లు ఒప్పుకుంటారో లేదో ఈలోగా నువ్వే ఫోన్ చేసి అడుగు. వద్దంటే నాకు ఆ రోజే చెప్పు, ఒప్పందం చదవాల్సిన పని కూడా ఉండదు.

పెదనాన్న నిన్ను అడిగానని చెప్పమన్నారు.

మీ పెద్దమ్మ