పంపుసెట్ కార్బరేటర్‌లో తెల్ల పొడి పడుతోంది, స్టెబిలైజర్ ఇంకా ఎక్కువ పొయ్యాలా?

వద్దు తమ్ముడూ, ఇంక పొయ్యకు. వానాకాలమంతా పాకలో ఉన్న పెట్రోల్ పంపు, ముందే స్టెబిలైజర్ (పెట్రోల్ పాడవకుండా కలిపే మందు) కలిపినా బౌల్ (కార్బరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) విప్పితే తెల్ల పొడి అన్నావు కదా, అది మందు తక్కువై కాదు, పెట్రోల్లో నీళ్ళు చేరి వచ్చింది. మాది పర్లాకిమిడి, మహేంద్రతనయ ఒడ్డున కూరగాయలేసే రైతుల పంపులు, స్ప్రేయర్లు నేనే చూస్తాను, దసరా దాటాక వచ్చేవాటిలో చాలావాటికి ఇదే జబ్బు.

ఇప్పుడు బంకులో పోసేది ఈ20, అంటే లీటరుకి 200 మిల్లీ దాకా ఇథనాలే, అదో రకం ఆల్కహాల్. అది చెమ్మని లాగేసుకుంటాది, లాగి లాగి ఇంక పట్టలేనప్పుడు నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగిపోతాయి, ఆ అడుగే నీ బౌల్. బౌల్ అల్యూమినియం, జెట్ (పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రమున్న ముక్క) ఇత్తడి, మధ్యలో ఆ తడి, రెండు లోహాల మధ్య సన్నగా కరెంటు నడిచి అల్యూమినియం తినేస్తాది. గోరుతో గీకితే సున్నంలా రాలి కింద గుంటలు కనబడతాయి చూడు.

స్టెబిలైజర్ పని పెట్రోల్ జిగురు కట్టకుండా ఆపడం, అంతే. గోధుమరంగు జిగురుకి పర్లేదు, చేరిన నీటిని అది తియ్యలేదు. నీళ్ళు పోగొట్టే మందని అమ్మేవాటిలో కొన్ని ఆల్కహాలే, ఉన్న ఇథనాల్ చాలదన్నట్టు అది కూడా పోసి నెలలకొద్దీ మూలన పెట్టడం నాకస్సలు నచ్చదు.

పెట్రోల్లో ఇథనాల్ ఎంతుందో చూడాలంటే గీతలున్న గాజు సీసాలో 100 మిల్లీ పెట్రోల్, 10 మిల్లీ నీళ్ళు పోసి బాగా ఊపి కదపకుండా ఉంచు, అడుగు పొర 10 దాటి ఎంత పెరిగితే సుమారుగా అంత ఇథనాల్ నీళ్ళలోకి దిగినట్టు.

మూల పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి, బౌల్ కింద డ్రెయిన్ స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు కూడా దించెయ్, ఇంజిన్ చల్లారాకే, దగ్గర్లో బీడీ, పొయ్యి ఏవీ లేకుండా. ఇప్పుడున్న పొడి కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి మెత్తటి బ్రష్‌తో తియ్యి, జెట్‌లో సూది గుచ్చకు, రంధ్రం పెద్దదైపోతాది, వైరులోంచి ఒక్క రాగి పోగు చాలు. కాస్టిక్ సోడా నీళ్ళలో మాత్రం నానబెట్టకు, అల్యూమినియాన్నే తినేస్తాది. గాస్కెట్ కూర్చునే అంచు మీద గుంటలు పడితే బౌల్ మార్చెయ్, పుట్టీ పూసి నడిపించకు, పెట్రోల్ కారి వేడి సైలెన్సర్ మీద పడితే మంటే.