ఆకు వెలుగును కొలవబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, విజయనగరం నుంచి మామయ్య ఆశీస్సులు.

పలాస జీడితోటల ఆకులను చీకటిలో ఉంచి, అవి విడిచే వెలుగును కొలవబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. ఆ వెలుగును పట్టే ట్యూబుకు వెయ్యి వోల్టులు ఇవ్వాలన్న మాట గుర్తుకు రాగానే గుండె జారింది.

ఆకునూ ట్యూబునూ ఉంచే పెట్టె లోపల నల్లరంగు వేయించు. ట్యూబును ముందురోజు నుంచే చీకటిలో ఉంచు.

అసలు సంగతి ట్యూబు ఎంపిక. తక్కువ ధరకు వస్తోందని నీవు కొనదలచిన బైఆల్కలీ రకం ఫోటోమల్టిప్లయర్ (అతి మసక వెలుగును కూడా విద్యుత్ సంకేతంగా పెంచి చూపే ట్యూబు) 400 నానోమీటర్ల చుట్టుపక్కల నీలికాంతిని చక్కగా పట్టుకుంటుంది గానీ, 650 దాటితే దానికి దాదాపు ఏమీ కనిపించదు. 1951లో స్ట్రెలర్, ఆర్నాల్డ్ అనే శాస్త్రవేత్తలు వెల్లడించిన ఆ ఆకువెలుగు పత్రహరితం నుంచి వచ్చేది. అది 685, 740 నానోమీటర్ల దగ్గర ఎరుపులో ఉంటుంది. చదువుకున్నదానివి, ధర చూసి తరంగదైర్ఘ్యం చూడకపోతే ఎలాగమ్మా?

మా ప్రయోగశాలకు వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి అటువంటి ట్యూబుతోనే ఆకును ప్లాస్టిక్ పళ్లెంలో పెట్టి, దీపం ఆర్పి షట్టరు తెరిచేవాడు. ట్యూబు చూపే వెలుగు లెక్క ఒక్కసారిగా పెరిగి మెల్లగా తగ్గేది. అదే ఆకువెలుగని నమ్మి గ్రాఫులన్నీ గీసుకున్నాడు. ఒక సాయంత్రం ఖాళీ పళ్లెం పెట్టి చూడమన్నాను, చిన్నబుచ్చుకుంటూనే పెట్టాడు. అదే వక్రరేఖ వచ్చింది. వెలుతురు సోకిన ప్లాస్టిక్ కూడా చీకటిలో కొంతసేపు వెలుగుతుంది. ఆ ట్యూబు చూసినది పళ్లాన్నే. ఆ రాత్రి పిల్లవాడు అన్నం ముట్టలేదు. నాకు కూడా ముద్ద దిగలేదు. అందుకే ప్రతి ఆకుకూ ముందు ఖాళీ పళ్లెం, తరువాత మరిగే నీటిలో ముంచి తీసిన, అంటే జీవం పోయిన ఆకు పెట్టి కొలువు. ట్యూబు ముందు ఎర్ర ఫిల్టరు ఉంచు.

ఎరుపును చూడగల మల్టీఆల్కలీ ట్యూబు తీసుకుంటే, చీకటిలో కూడా దాని లెక్క ఎక్కువగా ఉంటుంది కాబట్టి చల్లబరచవలసి వస్తుంది. మన సముద్రపు గాలికి చల్లని గాజుపై వెంటనే తేమ పడుతుంది. పెట్టెలో సిలికా జెల్ ఉంచడం మరువకు.

వోల్టేజీ ఉండగా మూత తెరిస్తే గది వెలుతురుకే ట్యూబు పాడవుతుంది. ట్యూబు పోతే మరొకటి కొనవచ్చు. స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో విద్యుత్తు మిగిలి ఉంటుంది గనుక, అది పూర్తిగా దిగిందని మీటరుతో చూసుకోకుండా చేయి పెట్టవద్దు, ఒంటరిగా ఉన్నప్పుడు అసలే పెట్టవద్దు. ఆర్డరు పెట్టే ముందు ఆ ట్యూబు స్పందన పటాన్ని, అంటే ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత పట్టుకుంటుందో చూపే గ్రాఫును, నాకు పంపించు.

ఇట్లు,
మామయ్య