కరాటే నేర్పిస్తే పిల్లలు కొట్లాటలకు దిగుతారా?

దిగరు, సరిగ్గా నేర్పిస్తే పిల్లలకు ముందుగా అబ్బేది చేతిని అదుపులో పెట్టుకోవడమే. కర్నూలులో పిల్లల్ని కరాటేలో చేర్చాలనుకునే చాలామందికి ఈ భయం ఉంటుంది. కానీ పాయింట్ల పోటీల్లో ముఖం మీదికి వేసే గుద్దు వేగంగా వెళ్లి, తాకీ తాకనట్టు ఆగాలి. గట్టిగా తగిలితే పాయింటు రాదు సరికదా, పెనాల్టీ పడుతుంది. అందుకే కొట్టడంతో పాటు ఆపడమూ నేర్పిస్తారు.

కరాటేలో కటా అనే సాధన కూడా ఉంటుంది. ఎదుట మనిషి లేకుండా, ఒకే వరస కదలికల్ని మళ్లీ మళ్లీ చేయాలి. ఏడేళ్ల పిల్లకు కుదురు, జ్ఞాపకం, చెప్పేది చివరిదాకా వినే ఓపిక అక్కడే వస్తాయి. నెలలో కనిపించవు, తల్లిదండ్రులు తొందరపడకూడదు.

బ్లాక్ బెల్ట్ వస్తే నేర్చుకోవడం అయిపోయిందనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. అందులో తొలి మెట్టు పేరు షోడాన్. 'షో' అంటే జపనీస్‌లో ఆరంభం.