ఎడారి కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అరబ్ ఎడారుల్లో మందలతో తిరిగే బెడూయిన్ తెగల మీద నువ్వు రాసిన కథ చదివాను. వాక్యం నీ చేతికి బాగానే లొంగింది. చిక్కు వేరేచోట ఉంది. నీ కథలో వాళ్లు ఊరికే తిరుగుతున్నారు. ఇసుక, వెన్నెల, ఒంటె, మళ్లీ ఇసుక. పైగా ఆ ముసలాయన చేత "మాకు హద్దులు లేవు" అనిపించావు. ఏ తెగ పెద్దా ఆ మాట అనడు. ప్రతి తెగకూ తనదంటూ ఒక మేత నేల ఉండేది, దాన్ని దీరా అంటారు. ఏ బావి ఎవరిదో, పక్క తెగ నేల మీదికి మంద తోలుకెళ్లాలంటే ఎవరిని అడగాలో పిల్లలకు కూడా తెలుసు. వాళ్లను పని చేసుకు బతికే మనుషులుగా చూడు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా దాని వివరమే.

కదలడం కూడా పనే. ఉత్తర అరేబియాలో వానలు చలికాలంలో పడతాయి, అదీ ఒకచోట పడితే ఇంకోచోట పడవు. ఎక్కడ పడిందో కబురు తెలిశాక గుడారాలు అటు కదులుతాయి. పచ్చిమేత దొరికినన్నాళ్లు ఒంటెకు నీళ్లతో పెద్దగా పని ఉండదు, మనుషులు దాని పాలు తాగి నెట్టుకొస్తారు. అందుకే ఆ రోజుల్లో బావులకు ఎంతో దూరంగా, నాలుగైదు కుటుంబాలుగా చెదిరి ఉండగలరు. ఎండలు ముదిరితే మేత మాడిపోతుంది, ఒంటె నీళ్లడుగుతుంది, అందరూ మళ్లీ బావుల చుట్టూ చేరతారు. ఆగస్టు చివర్లో తెల్లవారుజామున దక్షిణాన సుహైల్ నక్షత్రం కనిపిస్తే ఎండలు తగ్గుముఖం పట్టినట్టు లెక్క. మనం అగస్త్యుడంటామే, అదే. నీ కథ ఏ నెలలో జరుగుతోందో నాకు అంతుబట్టలేదు. అది తేల్చుకుంటే నీ పాత్రలు ఏం తాగుతారో, ఎవరితో గొడవ పడతారో సగం తేలిపోతుంది.

బజారు కూడా లేదు నీ కథలో. ఒంటె పాల మీద బతికేవాళ్లకైనా ఖర్జూరం, గోధుమలు, గుడ్డ, తుపాకీ ఊళ్ల నుంచే రావాలి. కాఫీ గింజలు యెమెన్ నుంచి, అందులో వేసే యాలకులు మన మలబారు నుంచి. వాళ్ల ఒంటెల్ని ఉకైల్ అనే బిడారు వ్యాపారులు కొని డమాస్కస్, కైరో దాకా తోలుకెళ్లి అమ్మేవాళ్లు. రైలు, మోటారు బండ్లు వచ్చాక ఒంటె ధర పడిపోయింది. ధర పడిపోయిందంటే ఎవరింట్లోనో పెళ్లి ఆగింది, ఎవరో అప్పు తీర్చలేకపోయారు. అలాంటి ఇల్లొకటి ఊహించుకో.

గుడారాన్ని "నల్లని నీడ" అని ఒక్క మాటలో దాటేశావు. అక్కడే ఆగాల్సింది. అది మేక వెంట్రుకలతో నేసింది, నేసేది ఆడవాళ్లు. మంద వెంట నడుస్తూనే కదురు తిప్పుతారు. మగ్గాన్ని నేల మీదే మేకులు దిగ్గొట్టి పరుస్తారు. మకాం ఎత్తితే చుట్టి ఒంటె మీద వేసుకుపోవచ్చు. దాని మీద పొడుగాటి పట్టీలు నేసి, పక్కపక్కన పెట్టి కుడితే కప్పు తయారు. చీకిపోయిన పట్టీ తీసేసి కొత్తది వేస్తారు, కాబట్టి అత్త నేసిందీ కోడలు నేసిందీ ఒకే కప్పులో ఉండొచ్చు. నేత కాస్త వదులు. పొయ్యి పొగ, వేడిగాలి సందుల్లోంచి బయటికి పోతాయి. వాన పడితే వెంట్రుక ఉబ్బి ఆ సందులు మూసుకుంటాయి. గుడారం విప్పేదీ, కొత్తచోట వేసేదీ కూడా ఆడవాళ్లే. లోపల మగవాళ్ల వైపుకీ ఇంటివాళ్ల వైపుకీ మధ్య ఒక తెర వేలాడుతుంది. దాని మీది రంగుల నేతను సదూ అంటారు. దాన్ని యునెస్కో 2011లో ఎమిరేట్స్ తరఫున, 2020లో సౌదీ, కువైట్‌ల తరఫున తన వారసత్వ జాబితాల్లో చేర్చింది.

ఆ తెర దగ్గరే నీకు అసలు పని ఉంది. బెడూయిన్ల గురించి లోకం చదివినదాంట్లో చాలా భాగం అతిథులుగా వెళ్లిన బయటి మగవాళ్లు రాసింది. వాళ్లను కూర్చోబెట్టింది మగవాళ్ల వైపు, రాసిందీ అటు కనిపించిందే. నువ్వు అవతలికి వెళ్లు. ఈజిప్టు పడమటి ఎడారిలో అవ్లాద్ అలీ తెగ వాళ్లకు గిన్నావా అని చిట్టి పాటలున్నాయి, ఒకటి రెండు పంక్తులే. మొగుడు ఇంకో పెళ్లి చేసుకుంటే నలుగురిలో "చేసుకోనీ, నాకేంటి" అనే మనిషి, అయినవాళ్ల మధ్య ఆ రెండు పంక్తుల్లో కడుపులో ఉన్నదంతా చెప్పేస్తుంది. మగవాళ్లకూ ఈ పాటలున్నాయి. నీ నాయిక మూడు పేజీలు ఏడ్చింది. అంత అక్కర్లేదు.

అతిథి మర్యాదల గురించి తక్కువ రాయి, అందరూ రాసేశారు. తప్పదనుకుంటే కాఫీ ఒక్కటి పట్టుకో. గింజలు వేయించడం, రోట్లో దంచే చప్పుడు విని చుట్టుపక్కలవాళ్లు వచ్చి చేరడం, కప్పు అడుగున కొంచెమే పోయడం, చాలనుకున్నవాడు కప్పును అటూ ఇటూ ఆడించి తిరిగివ్వడం. "బెడూయిన్లు గొప్ప అతిథి ప్రియులు" అనే వాక్యం మాత్రం కొట్టేయి.

దోపిడీ సీను మరీ సినిమాలా ఉంది. గజూకు, అంటే పక్క తెగ మీద దాడికి, వెళ్లేది ఒంటెల కోసం. వీలైనంతవరకు ప్రాణం తీయరు, ఎందుకంటే తీస్తే ఐదు తరాల దాకా దాయాదులంతా ఆ రక్తానికి బాధ్యులు. నీ కథలో పదిమంది చచ్చారు, మర్నాడు ఒక్కడూ లెక్క అడగలేదు! అసలు ఇది ఏ సంవత్సరం? సౌదీ రాజ్యాన్ని కట్టిన ఇబ్న్ సౌద్ బెడూయిన్లను కొత్త ఊళ్లలో స్థిరపరిచి ఇఖ్వాన్ అనే మతయోధుల దళాలుగా వాడుకున్నాడు, వాళ్లే తిరగబడితే 1929లో సబిలా దగ్గర ఓడించాడు. ఆ తర్వాత గజూ రోజులు దాదాపు అయిపోయాయి. జోర్డాన్‌లో, కొండరాతిలో తొలిచిన పాత నగరం పెట్రా గుహల్లో ఉండే బ్దూల్ తెగ వాళ్లను 1985లో ఉమ్ సైహూన్ అనే ఊరికి తరలించారు. సరిగ్గా 20 ఏళ్లకు, 2005లో, అదే పెట్రా, వాదీ రమ్ ఎడారి లోయ బెడూయిన్ల సంస్కృతి మానవాళి వారసత్వమని యునెస్కో ప్రకటించింది. కువైట్‌లో 1959 పౌరసత్వ చట్టం కింద పేర్లు నమోదు చేయించుకోని ఎడారి కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల మనవల్లో చాలామంది ఈనాటికీ ఏ దేశపు కాగితమూ లేకుండా ఉన్నారు. హద్దుల గురించి నీ ముసలాయన మాట్లాడాల్సింది వీటి గురించి.

ఇక మీ చిన్నాన్న సంగతి. ఆయన కువైట్‌లో కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) ఒంటెలు కాశాడని ఉత్తరం చివర ఒక ముక్క రాసి వదిలేశావు. నువ్వు గూగుల్‌లో వెతికినదానికంటే అది ఎంతో విలువైన సంగతి. ఇవాళ గల్ఫ్‌లో చాలా మందల వెనక నడిచేది యజమాని కొడుకులు కాదు, సూడాన్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు, మన కడప, కరీంనగర్ వాళ్లు. మంద నీళ్ల దగ్గరికి వెళ్లే రోజులు పోయి, ట్యాంకరే మంద దగ్గరికి వస్తోంది. ఆయన దగ్గర కూర్చుని అడుగు. ట్యాంకర్ ఎన్నాళ్లకోసారి వచ్చేది, ఆలస్యమైతే ఏం చేసేవాడు, కఫీల్ తన ఒంటెల్ని పేర్లు పెట్టి పిలిచేవాడా, ఆ ఇంటి ముసలాళ్లకు పాత మకాంలు గుర్తున్నాయా, జీతం చేతికి వచ్చేదా. నోట్‌బుక్ వెంటనే తీయకు, మనిషి బిగుసుకుపోతాడు. ఫోన్‌లో రికార్డు చేయాలంటే ముందే అడుగు.

పత్రికకు ఇప్పుడే పంపకు. తిరగరాసి దసరా లోపు నాకు పంపు. అక్షరాలు కాస్త పెద్ద సైజులో పెట్టు, నా కళ్లజోడు నంబరు మళ్లీ పెరిగింది.

ఉంటాను,
మీ అన్న